తేదీ లేని సలహా

ఈ ప్రత్యేక సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంఘమువారు మమ్ము కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. కవులము అంతకంటె కాము. మెట్రిక్ పరీక్ష నెగ్గి, ముప్పదినాలుగు సంవత్సరములు ఒక కచేరీలో గుమాస్తా పని చేసి, 2016లో విశ్రాంతి పుచ్చుకొని, దిండిగల్ పట్టణమున కాలము గడుపుచున్నవారము. అయినను ఒక్క విషయమున మాకు స్వానుభవము గలదు. ఇంచుమించు పన్నెండు సంవత్సరములుగా మా ఊరి తెలుగు కుటుంబముల కొరకు, నిత్యజీవితమునకు పనికివచ్చు సలహాలను ఒక చిన్న పత్రముగా వ్రాసి, రెండు నెలల కొకసారి పంచిపెట్టుచున్నాము. సలహా వ్రాయుట మిక్కిలి సులభమని లోకము తలచును. మేమును అట్లే తలచితిమి. అది ఎంత బరువైన పనియో మేము చేసిన ఒక తప్పు మూలమున తెలిసివచ్చినది. ఆ సంగతిని దాచక చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా ఊరి తెలుగువారి స్థితిని ముందుగా మనవి చేయవలెను. దిండిగల్లున తలగడవలె కనుపించు రాతికొండపై 1605లో కోట కట్టనారంభించినవాడు మధుర నాయకరాజగు ముద్దుకృష్ణప్ప నాయకుడు. విజయనగర సేనల వెంటను, నాయకరాజుల వెంటను ఈ దేశమునకు వచ్చిన మా పూర్వులు కొందరు సేద్యమున, కొందరు నేతపనియందు, కొందరు వర్తకమునందు కుదురుకొనిరి. కోట హైదరాలి చేతికి పోయినది. 1792లో శ్రీరంగపట్టణపు సంధితో కుంఫిణీవారి పాలయినది. ప్రభువులు మారినను ఇండ్లలో తెలుగు మారలేదు. మధుర నేలిన విజయరంగ చొక్కనాథుడు తానే శ్రీరంగమాహాత్మ్యమును, మాఘమాహాత్మ్యమును తెలుగు వచనమున రచించెను. ఒకనాడు తెలుగు వచనము ఇంత చేరువలో రాజాస్థానమున పెరిగినది. నేడు ఆ అక్షరములను కూడబలుకుకొని చదువగలవారు మా వీథికి ఒకరిద్దరు మిగిలిరి. 2006లో తమిళమును తప్పనిసరి పాఠ్యభాషగా చేసిన చట్టము వచ్చిన పిదప, పిల్లలకు తెలుగు లిపి మరింత దూరమైనది. మాట ఉన్నది, వ్రాత లేదు.

దీనివలన ఒక చిక్కు ఏర్పడినది. మా మనుష్యులకు అర్థమగు భాషలో వచ్చు సలహా మా ఊరికి చెల్లదు. మా ఊరికి చెల్లు సలహా మా ఇంటిభాషలో రాదు. టెలివిజనులో తెలుగు వార్తలు విని, మండల కార్యాలయమునకు పోయి పట్టాదారు పాసుపుస్తకము తీసికొనవలెనని బయలుదేరిన పెద్దమనిషి మా యెరుకలో నున్నాడు. ఆంధ్రదేశమున 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి గాని, మాకు నేటికిని తాలూకా కచేరియే. అక్కడి పాసుపుస్తకము, మీసేవ మాకు లేవు. ఇక్కడి పట్టా, చిట్టా, ఇ-సేవై మాటలు వారికి తెలియవు. చేతిఫోనులో ఊరు పేరు లేని తెలుగు సలహాలు దినమున కిరువది వచ్చుచున్నవి. అవి ఎవరు వ్రాసినవో, ఎన్నడు వ్రాసినవో, ఏ రాష్ట్రమునకు వ్రాసినవో ఎవరికిని తెలియదు. ఈ చిక్కు చూచియే మేము కలము పట్టితిమి.

మాకు తెలుగు నేర్పినవారు మా తాతగారు. వారి పాఠశాల వీథి అరుగు. వారి గ్రంథాలయము ఒక్క పెద్దబాలశిక్ష. 1832లో పుదూరు సీతారామశాస్త్రిగారు రచించిన బాలశిక్ష కాలక్రమమున పెరిగి పెద్దబాలశిక్ష యైనది. అక్షరములు, నీతులు, లెక్కలు, కొలతలు, సంవత్సరముల పేర్లు, ఇట్లు గృహస్థునకు కావలసినదెల్ల ఒక్కచోట కూర్చిన పుస్తక మది. తెలుగువారికి ఉపయోగకరమైన వ్రాత అనగా ఏమో నేర్పినది అదియే యని మా నమ్మకము. 'ఎనిమిది వీశెలు ఒక మణుగు' అని మేము కంఠస్థము చేసితిమి. మాకు ఎనిమిదేండ్ల ప్రాయమున తాతగారు బెల్లము తెమ్మని అంగడికి పంపిరి. మేము ధైర్యముగా అర్ధవీశె అడిగితిమి. అంగడివాడు నవ్వి, ఇప్పుడు వీశె లేదు, కిలో అడుగుమనెను. చిల్లరయు అంతే. రూపాయికి పదునాఱణాలను లెక్క 1957 ఏప్రిలు 1వ తేదీనాడే పోయి, నూఱు నయాపైసలు వచ్చియుండెను. మా పుస్తకము మాత్రము అంతకుముందు అచ్చయినది. తాతగారు అబద్ధము నేర్పలేదు. పుస్తకము అబద్ధము చెప్పలేదు. కాలము చెల్లిన నిజమును మేము అంగడికి మోసికొని పోయితిమి. అప్పుడు నవ్వుకొని మఱచిన ఈ కథకు అర్థము అరువది దాటిన పిమ్మట బోధపడినది.

తెలుగున ఇట్టి వ్రాతకు గొప్ప వంశము గలదు. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని, 1883లో స్త్రీలకొరకు సతీహితబోధినిని స్థాపించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి చరిత్రమును, శాస్త్రమును తేటతెలుగున ఇంటింటికి తెచ్చిరి. మదరాసున వైద్యులు కేసరిగారు 1928లో గృహలక్ష్మిని ప్రారంభించిరి. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు 'ప్రమదావనము' శీర్షికను 1950 దశకమున మొదలుపెట్టి ఇంచుమించు అర్ధశతాబ్దము నడపిరి. వంట మొదలు సంసారపు చిక్కుల వఱకు పాఠకులు అడుగనిది లేదు. మా ఇంట మా అమ్మగారు ఆ పుటలను కత్తిరించి బియ్యపు డబ్బా మూతలో దాచుకొనెడివారు. ఆమెకు చదువ రాదు. మా చేత చదివించుకొనెడివారు. చదివిన పిదప ఆమె అడుగు ప్రశ్న ఒక్కటే: "ఆయమ్మ మన మాదిరి వాళ్ళకే గదా చెప్పేది?" సలహాకు అంతకుమించిన పరీక్ష లేదని అప్పుడు మాకు తోచలేదు.

ఇక మా పత్రము సంగతి. ఒక కాగితమునకు ఒకవైపు తెలుగు లిపిలోను, రెండవవైపు అదే తెలుగును తమిళ లిపిలోను వ్రాసి, నకళ్ళు తీయించి పంచెడివారము. తమిళ లిపిలో తెలుగు వ్రాయుట కత్తిమీద సాము. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. ప, భ లకును ఒకే అక్షరము. ఆస్తిలో 'భాగము' అని మేము వ్రాసిన దానిని ఒక కుఱ్ఱవాడు 'పాకము' అని చదువగా, ఆస్తికిని బెల్లపు పాకమునకును ఏమి సంబంధమని ముసలమ్మ లడిగిరట. జననమరణముల నమోదు, వృద్ధాప్యపు పింఛను, పట్టా పేరు మార్పు, కుటుంబ కార్డు, ఇట్టి విషయములు మొదట వ్రాసితిమి. జనులు మెచ్చుకొనిరి. మెప్పు పుట్టినచోట జాగ్రత్త సన్నగిల్లును. మాకును అట్లే జరిగినది.

2016లో, ఆడబిడ్డల ఆస్తిహక్కును గూర్చి అరపుట వ్రాసితిమి. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మహక్కు నిచ్చు కేంద్రపు సవరణ చట్టము 2005 సెప్టెంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించియున్న కుమార్తెలకే ఆ సవరణ వర్తించునని 2015 అక్టోబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. పత్రికలో వచ్చిన ఆ వార్తను కత్తిరించి పెట్టుకొని, దానినే మా మాటలలో దించి, "2005 సెప్టెంబరు 9కి ముందే తండ్రి గతించిన ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో ఈ హక్కు లేదు" అని తేల్చివేసితిమి. వాక్యము పొట్టిగా, నున్నగా వచ్చినందుకు సంతోషించితిమి గూడ. ఆ పత్రముపై తేదీ వేయలేదు. ఎక్కడనుండి గ్రహించితిమో వ్రాయలేదు.

చిన్నాళపట్టి ప్రక్కనున్న ఒక పల్లెలో మా వారి ఆడబిడ్డ ఒకతె గలదు. భర్త పోయినవాడు, కుట్టుపని చేసి ఇద్దరు పిల్లలను చదివించుచుండెను. తాతగారినాటి కొబ్బరితోట తమ్ముని స్వాధీనమున నున్నది. తండ్రి 1998లో గతించెను. తమ్ముడు హక్కు విడుదల పత్రముపై సంతకము పెట్టుమని అడుగుచుండగా, ఆమె సంవత్సరము దినములు ఇయ్యకొనలేదు. అప్పుడు ఎవరో మా పత్రము తెచ్చి చదివి వినిపించిరి. 2017లో ఆమె రిజిస్ట్రారు కచేరీకి పోయి సంతకము పెట్టివచ్చెను.

2020 ఆగస్టు 11న సుప్రీముకోర్టు మరల తీర్పు చెప్పినది. హక్కు పుట్టుకతోనే వచ్చునది గనుక 2005 నాటికి తండ్రి బ్రదికియుండ నక్కఱలేదని, వెనుకటి తీర్పు సరికాదని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చిరి. మా పత్రమునకు సవరణ వ్రాయవలెనని కూర్చుంటిమి. ఈ మారు వార్తతో తృప్తిపడక, చట్టములను తెప్పించి చదివితిమి. అప్పుడు మా గుండె జారిపోయినది. తమిళనాడు ప్రభుత్వము కేంద్రముకంటె ఎంతయో ముందుగా, 1989 మార్చి 25 నుండియే, ఆ తేదీకి ముందు వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానముగా జన్మహక్కు నిచ్చియున్నది. ఆంధ్రప్రదేశమున అట్టి చట్టము 1985 సెప్టెంబరు 5 నుండియే యున్నది. ఆ ఆడబిడ్డ వివాహము 1993లో జరిగినది. ఆ పెండ్లిపత్రికలు అచ్చుకు వ్రాసియిచ్చినవారము మేమే. అనగా తండ్రి కన్నుమూయుటకు తొమ్మిదేండ్ల ముందే, మేము నివసించు రాష్ట్రపు చట్టమే, ఆమెకు భాగమును ఇచ్చియుండెను. 2015 తీర్పును మేము సరిగానే చదివితిమి. మా కాళ్ళక్రింది నేలను మాత్రము చదువలేదు. కాలము మారి మా సలహా తప్పయినదని చెప్పుకొనుటకు సైతము వీలు లేకపోయినది. వ్రాసిన దినముననే అది తప్పు.

కచేరీలో మేము ఇట్టి పని చేసియుండిన ఎడల పై అధికారి కాగితము మొగమున కొట్టియుండును. అక్కడ మాకు నేర్పిన నీతి చిన్నది: ఏ నోటు వ్రాసినను ఏ ఉత్తరువు ననుసరించి వ్రాయుచున్నావో సంఖ్య వేయుము, తేదీ వేయుము, పొడి అక్షరములతో సంతకము పెట్టుము. తేదీ, సంతకము లేని నోటుపై ప్యూను సైతము కదలడు. ముప్పదినాలుగేండ్లు సర్కారు కాగితమునకు చేసిన మర్యాదను, మా సొంత జనమునకు వ్రాసిన కాగితమునకు చేయకపోతిమి. అది పరోపకారమే గదా, దానికి ఇంత తంతు ఏల అనుకొంటిమి. జీతము లేని పనియందు లెక్క తప్పినను దోషము లేదను భ్రమ మాలో నుండినది.

కరోనా ఆంక్షలు సడలి సెప్టెంబరులో బస్సులు నడచిన పిదప మేము ఆ పల్లెకు పోయితిమి. పది పన్నెండు కిలోమీటర్ల దారి. అంత పొడవైన ప్రయాణము మేమెన్నడును చేసియుండలేదు. ఆమె కుట్టుమిషను ఆపి లేచి వచ్చెను.

"ఏమన్నా, ఈ కాలంలో ఇంత దూరం వస్తిరే!"

మేము జరిగినదంతయు చెప్పితిమి. తప్పు మాదని, చట్టము ఆమె పక్షముననే యుండెనని చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప లోనికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి యిచ్చి, మెల్లగా ననెను:

"తమ్ముడు చెప్పింటే నేను నమ్మేదాన్ని కాదన్నా. ఊరివాళ్ళు చెప్పినా నమ్మేదాన్ని కాదు. కాగితంలో ఉండేది, మీరు రాసినారని చెప్పిరి. ఇంక ఏం అడిగేదని పోయి సంతకం పెట్టేస్తిని."

ఆ మాట మమ్ము నేటికిని వదలలేదు. మా అజ్ఞానము ఆమెకు చేసిన కీడుకంటె, మాపై ఆమె కున్న నమ్మకము చేసిన కీడు ఎక్కువ. నమ్మదగనివాడు చెప్పిన తప్పును లోకము దులిపివేయును. నమ్మదగినవాడు వ్రాసిన తప్పుతో లోకము రిజిస్ట్రారు కచేరీకి పోవును.

ఆమెను ఒక న్యాయవాది యొద్దకు తోడుకొనిపోతిమి. వ్యాజ్యము వేయవచ్చునని, గాని ఏండ్లు పట్టునని ఆయన చెప్పిరి. ఆమె వ్యాజ్యము వేయలేదు. తమ్ముడు పెద్దల యెదుట ఆమె కూతురి చదువునకు కొంత సొమ్ము ఇచ్చెను; తోట మాత్రము ఇయ్యలేదు. కథ ఇంతకంటె బాగుగా ముగిసినదని చెప్పుటకు మాకు అధికారము లేదు. మేము మా పత్రమున మొదటిపుటనే, మా తప్పు ఏదియో, ఏ చట్టము చూడకపోతిమో వ్రాసి, సంతకముతో ప్రకటించితిమి. పాత నకళ్ళు దొరికినంతవఱకు ఇల్లిల్లు తిరిగి తిరిగి తీసికొంటిమి. కొన్ని దొరకలేదు. అవి ఏ డబ్బా మూతలోనో ఇప్పటికిని ఉండవచ్చును.

అప్పటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. ఇట్టి వ్రాతలు వ్రాయదలచిన యువకులకు ఉపకరించునని ఇచ్చట మనవి చేయుచున్నాము.

ప్రతి సలహా తలపై తేదీ వేయుదుము. ఈ దినమువఱకు మేము తెలిసికొన్నది ఇది అని వ్రాయుదుము. ఇది తమిళనాటివారికి మాత్రమే అనియో, ఎల్లరకు అనియో స్పష్టముగా చెప్పుదుము. పత్రికావార్తను దారి చూపు వ్రేలుగా మాత్రమే తీసికొని, చట్టమునో ఉత్తరువునో స్వయముగా చూడనిదే కలము పెట్టము. కేంద్రపు చట్టము చూచినపుడు, అదే విషయమున రాష్ట్రపు చట్టము గలదా అని తప్పక వెదకుదుము. మా యెరుక ఎక్కడ ముగియునో అక్కడ ఆగి, ఎవరి యొద్దకు పోవలెనో వ్రాయుదుము. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ఇచ్చియున్నది. జిల్లా కేంద్రమున అందులకు ఒక కార్యాలయము గలదు. ఈ నాలుగు ముక్కలు 2016లో మా అరపుట క్రింద వ్రాసియుండిన ఎడల, ఆమె సంతకమునకు ముందు అక్కడికి పోయియుండును. మేము నున్నగా తేల్చివేసిన వాక్యముకంటె ఆ ఒక్క చిరునామా విలువైనది.

ఈ నియమముల ఫలము ఒకటి కంటితో చూచితిమి. బిడ్డ పుట్టిన ఇరువదియొక్క దినములలో నమోదు చేయించవలెనని, సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెనని, 1969 నాటి చట్టము ననుసరించి 2021లో వ్రాసియుంటిమి. 2024లో ఒక యువకుడు ఆ కాగితము చేతబట్టుకొని మా ఇంటికి వచ్చి, "తాతా, దీనిమీద మూడేండ్ల కిందటి తేదీ ఉంది. ఇప్పుడూ ఇదేనా?" అని అడిగెను. 2023లో ఆ చట్టము సవరింపబడి, అక్టోబరు 1 నుండి ఆ ఉత్తరువు నిచ్చు అధికారము జిల్లా మేజిస్ట్రేటు, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు మొదలగువారికి మారినది. మేమును అప్పుడే చూచితిమి. ఆ కుఱ్ఱవాడు తప్పు తలుపు తట్టకుండ కాపాడినది మా పాండిత్యము కాదు, కాగితము మూలనున్న తేదీ.

చివరి నియమము మేము పెట్టుకొన్నది కాదు, ఆ ఆడబిడ్డ పెట్టినది. మేము సెలవు పుచ్చుకొని బస్సునకు పోవుచుండగా ఆమె వీథి చివర వఱకు వచ్చి, "ఇంకమీదట ఏం రాసినా, పంచేదానికి ముందర నాకొక దినం చదివి చూపించండన్నా" అనెను. నాటినుండి ప్రతి పత్రమును ముందుగా ఆమెకు చదివి వినిపించుచున్నాము. ఆమె బట్టలు కుట్టుచునే వినును. తెలియని మాట వచ్చినచోట మిషను ఆగును. మేము ఆ మాటను కొట్టివేసి వేఱుమాట వ్రాయుదుము. మొత్తము విన్న పిదప ఆమె అడుగునది ఎప్పుడును ఒక్కటే: "ఇది మన ఊరికా, ఆంధ్రాకా?" మా అమ్మగారు ప్రమదావనము విని అడిగిన ప్రశ్నయే యిది. అది ఎన్నడో మా చెవిన బడియు మేము వినకపోతిమి.

ఈ సంచిక వెలువడునప్పటికి మా తరువాతి పత్రము సిద్ధమగును. విషయము వీలునామా. దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదను సంగతిని ఇరువురు సాక్షుల సంగతితో కలిపి వ్రాసితిమి. నిన్న ఆమెకు చదివి వినిపింపగా మిషను రెండుచోట్ల ఆగినది. ఆ రెండు వాక్యములను తిరిగి వ్రాయుచున్నాము.